సూరత్ బాఫ్తా, డచ్ 'వేవెన్', తెలుగు సాలెపురుగు: ఒక నేతమాట ప్రయాణం

పదిహేడో శతాబ్దం తొలి దశాబ్దాల్లో సూరత్‌లోని ఇంగ్లిష్, డచ్ గిడ్డంగుల చిట్టాల్లో తరచూ కనిపించే సరుకు పేరు 'బాఫ్తా'. భరూచ్, నవసారి, బరోడా చుట్టుపక్కల ఊళ్లలో నేసిన సాదా నూలు గుడ్డ అది. కొంత తెల్లగానే పోయేది, కొంతకు ఎరుపో నీలమో నలుపో అద్దేవాళ్లు. ఇంగ్లండ్‌కూ, ఎర్రసముద్రపు రేవులకూ, ఆఫ్రికా తీరానికీ, ఇండోనేసియా దీవులకూ ఓడల్లో వెళ్లింది. ఇంగ్లిష్ వాళ్లకు సూరత్‌లో మొగల్ అనుమతి 1613లో వచ్చింది. అంతకు ముందు ఏడాదే సువాలీ దగ్గర సముద్రంలో పోర్చుగీసు వాళ్లతో తలపడి నెగ్గారు. మరో మూడు నాలుగేళ్లకు డచ్ ఈస్టిండియా కంపెనీ కూడా అక్కడ కోఠీ తెరిచింది. రెండు కంపెనీల గుమస్తాలూ ఆ గుడ్డ పేరును చెవికి తోచినట్టు తమ లిపిలో రాసుకున్నారు. వాళ్లకు అది స్థానికుల మాట, పరాయి మాట.

నిజానికి అది వాళ్ల ఇంటి మాటకు చుట్టం. 'బాఫ్తా' పర్షియన్ పదం. 'బాఫ్తన్' అంటే నేయడం, 'బాఫ్తా' అంటే నేసినది. డచ్ గుమస్తా తన భాషలో నేయడాన్ని 'వేవెన్' అంటాడు. పక్క కోఠీలోని ఇంగ్లిష్ గుమస్తా 'వీవ్' అంటాడు. ఈ మూడు మాటలూ ఒకే పాత ధాతువుకు పుట్టినవి. కొన్ని వేల ఏళ్ల కిందట విడిపోయిన ఒక కుటుంబం సూరత్ బజారులో ఎదురుపడింది, ఎవరూ ఎవరినీ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి మరో రెండు వందల ఏళ్లు పట్టింది. ఆ పనిలో కూడా సూరత్‌కు ఒక పాత్ర ఉంది.

(బ్రిటిష్ సినిమా అవార్డు 'బాఫ్టా'కూ దీనికీ సంబంధం లేదు. అది ఒక సంస్థ పేరులోని పొడి అక్షరాల కూర్పు.)

ఒకే మాట, ఏడెనిమిది ఇళ్లు

ఇంగ్లిష్, డచ్, జర్మన్, స్వీడిష్, డేనిష్, నార్వేజియన్, ఐస్‌లాండిక్ భాషలను భాషాశాస్త్రం జెర్మానిక్ శాఖ కింద చేరుస్తుంది. తెలుగు, తమిళం, కన్నడం, గోండి మొదలైనవి ద్రావిడ కుటుంబం అయినట్టే. ఈ శాఖలో నేతకు మాట దాదాపు చెక్కుచెదరలేదు. జర్మన్‌లో వేబెన్, డచ్‌లో వేవెన్, స్వీడిష్‌లో వేవా, డేనిష్, నార్వేజియన్‌లలో వేవె, ఐస్‌లాండిక్‌లో వేవా, యిద్దిష్‌లో వెబ్న్. తెలుగు చెవికి ఇవన్నీ ఒకే మాట యాసల్లా వినిపిస్తాయి. జర్మన్, యిద్దిష్‌లలో మధ్యలో 'బ' ఉంటుంది, మిగతావాటిలో 'వ' ఉంటుంది. ఇది ఈ ఒక్క మాటకే పరిమితమైన తేడా కాదు. ఇంగ్లిష్ 'సెవెన్' జర్మన్‌లో 'జీబెన్', ఇంగ్లిష్ 'గివ్' జర్మన్‌లో 'గేబెన్'.

ఈ క్రియ నుంచి పుట్టిన నామవాచకాల కథే ఆసక్తికరం. పాత ఇంగ్లిష్‌లో 'వెబ్' అంటే సాలెగూడు కాదు, మగ్గం మీద ఉన్న గుడ్డ, లేదా నేసి కోసిన తాను. సాలెపురుగు గూటికి ఆ మాట వాడటం తరవాతి కాలపు పోలిక. 'కాబ్‌వెబ్' అనే మాటలోని మొదటి ముక్క 'కాప్' సాలెపురుగుకు పాత ఇంగ్లిష్ పేరు. ఆ ముక్క ఇంగ్లిష్‌లో విడిగా చచ్చిపోయి ఈ సమాసంలో మాత్రమే మిగిలింది. డేనిష్‌లో సాలెపురుగును ఇప్పటికీ 'ఎడెర్‌కోప్' అంటారు, అంటే విషపు తల.

పందొమ్మిదో శతాబ్దంలో చుట్టలు చుట్టలుగా కాగితం పెట్టి ఆపకుండా అచ్చు వేసే యంత్రాలు వచ్చినప్పుడు, మగ్గం నుంచి తెగకుండా దిగే తానులా ఉందని ఆ కాగితాన్ని కూడా 'వెబ్' అన్నారు. తెలుగు దినపత్రికల ప్రెస్సుల్లో దశాబ్దాలుగా వినిపించే 'వెబ్ ఆఫ్‌సెట్' అదే. 1990లో టిమ్ బెర్నర్స్-లీ తన కొత్త వ్యవస్థకు 'వరల్డ్ వైడ్ వెబ్' అని పేరు పెట్టినప్పుడు మాత్రం మనసులో ఉన్నది సాలెగూడే. కాబట్టి ఒకే వార్త పత్రికలో అచ్చయినా, ఫోన్‌లో తెరుచుకున్నా 'వెబ్' మీదుగానే వస్తోంది, రెండు వేరు వేరు అర్థాల్లో. ఐస్‌లాండ్ వాళ్లు ఇంగ్లిష్ మాట అరువు తెచ్చుకోకుండా తమ పాత నేతమాటనే తీసుకుని 'వేరాల్డర్‌వేవుర్' అన్నారు. తెలుగులో 'అంతర్జాలం' అన్నాం. జాలం అంటే వల. వల జాలరిది, వెబ్ సాలెవాడిది. ఇంటర్నెట్‌కు జాలం సరిగ్గా అతుకుతుంది, ఎందుకంటే 'నెట్' కూడా వలే. వెబ్‌కు మాత్రం తెలుగులో ఇంకా సరైన మాట పుట్టలేదనే చెప్పాలి.

శరీరశాస్త్రంలోకీ ఈ మాట వెళ్లింది. కండర, నాడీ కణాల పొరలను జర్మన్‌లో 'గెవేబె', డచ్‌లో 'వేఫ్సెల్', స్వీడిష్‌లో 'వేవ్‌నాద్' అంటారు. మూడింటికీ మూలార్థం నేత. ఇంగ్లిష్ 'టిష్యూ' ఫ్రెంచి నుంచి వచ్చింది, దానికి కూడా అసలు అర్థం నేసిన గుడ్డే. తెలుగులో కణజాలం అన్నాం, మళ్లీ వలే. తేనెపట్టును జర్మన్‌లో 'వాబె' అంటారు, అదీ నేత ధాతువే. ఆ గళ్ల పోలికతోనే డచ్ వాళ్ల 'వాఫెల్' వచ్చింది, అదే ఇప్పుడు హైదరాబాద్ దుకాణాల్లో చాక్లెట్ పోసి అమ్ముతున్న వాఫుల్. కందిరీగకు ఇంగ్లిష్‌లో 'వాస్ప్', జర్మన్‌లో 'వెస్పె' అనే పేర్లు కూడా గూడు నేసేదన్న అర్థంలోనే వచ్చాయని ఎక్కువమంది భాషావేత్తల నిర్ణయం.

పాత ఇంగ్లిష్ కావ్యం 'బేవుల్ఫ్'లో ఈ మాట మరో ఎత్తుకు వెళ్లింది. పగబట్టిన రెండు వంశాల మధ్య సంధి కోసం పెళ్లి చేసి పంపిన రాజకన్యను 'శాంతిని నేసేది' అనే అర్థమిచ్చే సమాసంతో పిలుస్తారు. ఆ పెళ్లిళ్లు చాలాసార్లు శాంతిని తేలేదన్నది వేరే సంగతి.

'వ' ఎక్కడ 'బ' అయింది

బాఫ్తా, వేవెన్ ఒకటేనంటే సందేహం రావడం సహజం. పోలిక ఉంటే చాలు చుట్టరికం కలిపేయడం మన దగ్గర కూడా ఉన్న అలవాటే. అందుకే భాషాశాస్త్రం పోలికను నమ్మదు, క్రమాన్ని నమ్ముతుంది. ఒక ధ్వని మార్పు ఒక మాటలో జరిగితే, అదే పరిస్థితిలో ఉన్న మిగతా మాటల్లోనూ జరిగి ఉండాలి.

పర్షియన్‌లో మాట మొదట్లో ఉన్న పాత 'వ' కాలక్రమంలో 'బ' అయింది. సంస్కృతంలో గాలి 'వాత', పర్షియన్‌లో 'బాద్'. సంస్కృతంలో ఇరవై 'వింశతి', పర్షియన్‌లో 'బీస్త్'. కాబట్టి 'బాఫ్' వెనక ఒక 'వాఫ్' ఉండాలి. అటు జెర్మానిక్ వైపు చూస్తే, సంస్కృతంలో 'భ' ఉన్నచోట అక్కడ 'బ' వస్తుంది. భ్రాతకు బ్రదర్, బ్రూడర్. భరించడానికి బేర్. ఈ లెక్కన 'వేబెన్' వెనక కూడా 'భ' ఉన్న ధాతువే ఉండాలి. రెండు దారులూ వెనక్కి నడిస్తే ఒకే చోట కలుస్తాయి. భాషావేత్తలు పునర్నిర్మించిన ఆ మూలధాతువు దాదాపు 'వెభ్'.

జెర్మానిక్ ధ్వని మార్పుల ఈ క్రమాన్ని మొదట పట్టుకున్నది డెన్మార్క్ పండితుడు రాస్మస్ రాస్క్, 1818లో అచ్చయిన గ్రంథంలో. దాన్ని విస్తరించి 1822లో సూత్రంగా నిలబెట్టింది జర్మనీకి చెందిన యాకోబ్ గ్రిమ్. జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల్లో పెద్దవాడు ఆయనే. లోకం దాన్ని గ్రిమ్ సూత్రం అంటుంది. రాస్క్‌కు అన్యాయం జరిగిందని డేనులు ఇప్పటికీ అనుకోవడంలో తప్పేమీ లేదు.

మధ్యలో ఉన్న ఇరాన్ శాఖ గురించి యూరప్‌కు గట్టి ఆధారం దొరికింది మాత్రం సూరత్‌లో. ఫ్రాన్స్‌కు చెందిన యువకుడు ఆంకెతీల్ ద్యుపెరోఁ 1758లో సూరత్ చేరి మూడేళ్లు ఉన్నాడు. అక్కడి పార్సీ దస్తూర్ దారాబ్ దగ్గర అవెస్తా గ్రంథాలు చదివాడు, రాతప్రతులు పోగుచేశాడు. 1771లో పారిస్‌లో అవెస్తా అనువాదం అచ్చు వేశాడు. అది కల్పితమని, పూజారులు ఆయన్ని మోసం చేశారని కొందరు ఎగతాళి చేశారు. విలియం జోన్స్ కూడా వాళ్లలో ఉన్నాడు. 1786లో కలకత్తాలో సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని ప్రకటించిన జోన్సే ఆయన. ఆ వివాదాన్ని తేల్చిన వాళ్లలో ముఖ్యుడు రాస్క్. 1820లో ఆయన రష్యా, పర్షియాల మీదుగా బొంబాయి చేరి పార్సీల దగ్గర రాతప్రతులు సేకరించి, 1826లో అవెస్తా భాష ప్రాచీనమూ నిజమైనదీ అని వాదిస్తూ రాశాడు. ఆ అవెస్తాలోని వెందీదాద్‌లో 'ఉబ్దయేన' అనే మాట ఉంది, అంటే నేసిన గుడ్డతో చేసినది. బాఫ్తాకు అది పెద్దమ్మ వరస. ఏ ఊరి గిడ్డంగిలో బాఫ్తా తానులు పేర్చారో, ఆ ఊరి పార్సీ ఇళ్లలోనే ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు కూడా భద్రంగా ఉన్నాయి.

డచ్, ఇంగ్లిష్ వాళ్లే కాదు, 1750-51లో స్వీడిష్ ఈస్టిండియా కంపెనీ ఓడ ఒకటి కూడా సూరత్ వచ్చింది. డచ్ వాళ్లు 1825 దాకా ఉండి వెళ్లిపోయారు. కేరళ మొక్కల మహాగ్రంథం 'హోర్తుస్ మలబారికుస్' తయారు చేయించిన వాన్ రేదె 1691లో చనిపోతే సూరత్‌లోనే పాతిపెట్టారు. ఆ పెద్ద సమాధి ఇంకా ఉంది.

సాలెపురుగు సాక్ష్యం

సంస్కృతంలో ఈ 'వెభ్' ధాతువు క్రియగా నిలవలేదు. నేయడానికి అక్కడ 'వే' ధాతువు, 'వయతి' రూపం వాడారు. తంతువాయుడు అంటే నేతగాడు అనడం అందుకే. తెలుగు వ్యాసకర్తలు ఇష్టంగా వాడే 'ఓతప్రోతం' కూడా ఈ 'వే' నుంచే వచ్చింది, పడుగులోనూ పేకలోనూ నేసి ఉన్నట్టు అని దాని అసలు భావం. గుజరాతీలో నేతగాణ్ని 'వణకర్' అంటారు, సూరత్ మగ్గాల మీద పేకను 'వాణా' అంటారు, అవీ ఈ దారివే. 'వే', 'వెభ్' రెండూ ఒకదానికొకటి దగ్గరి చుట్టాలే అయి ఉంటాయని చాలామంది అభిప్రాయం.

అయితే 'వెభ్' సంస్కృతంలో ఒక మూల దాక్కుని బతికింది, సాలెపురుగు పేరులో. వైదిక వాఙ్మయంలో సాలెపురుగుకు 'ఊర్ణవాభి' అనే రూపం ఉంది. ఊర్ణ అంటే ఉన్ని, వాభి అంటే నేసేది. ఈ ఊర్ణ కూడా ఇంగ్లిష్ 'వూల్'కు, జర్మన్ 'వోల్లె'కు, స్వీడిష్ 'ఉల్'కు తోబుట్టువే. అంటే ఊర్ణవాభి అనే మాటను ముక్కకు ముక్క ఇంగ్లిష్‌లోకి పెడితే 'వూల్-వీవర్' అవుతుంది. అనువాదంగా కాదు, అవే మాటలు. ఋగ్వేదంలో ఇంద్రుడికి శత్రువుగా ఔర్ణవాభుడు కనిపిస్తాడు. యాస్కుడు నిరుక్తంలో అదే పేరున్న ఒక వైయాకరణుణ్ణి ఉదహరిస్తాడు.

క్రమంగా 'వాభి' అర్థం జనానికి అందకుండా పోయింది. ఆ ధాతువు క్రియగా వాడుకలో లేదు కదా. అర్థం కాని ముక్కను అర్థమయ్యే ముక్కగా మార్చుకోవడం మనుషుల స్వభావం. 'వాభి' కాస్తా 'నాభి' అయింది. బొడ్డులోంచి దారం తీసే పురుగు అని కొత్త అర్థం కుదిరింది, చూడటానికి కూడా అలాగే ఉంటుంది. ముండకోపనిషత్తులో సృష్టికి ఉపమానంగా వచ్చేది ఈ ఊర్ణనాభే. తెలుగు నిఘంటువుల్లోకి వచ్చిందీ ఊర్ణనాభమే. ఒక తప్పు వ్యుత్పత్తి ఇంత గొప్ప ఉపమానానికి దారి ఇవ్వడం భాషలో అరుదేమీ కాదు.

తెలుగు తన సొంత దారిలో అదే చోటికి చేరింది. సాలె అంటే నేతగాడు, సాలెపురుగు అంటే నేతపురుగు. 'సాలీడు' అనే మాటకు నేతగాడు, సాలెపురుగు అని రెండు అర్థాలూ ఉన్నాయి. కన్నడంలో 'జేడ' కూడా ఇంతే. పాత వచనకారుల్లో ఒకరైన జేడర దాసిమయ్య పేరులో ఉన్నది నేత వృత్తి, ఇప్పటి కన్నడంలో జేడ అంటే సాలెపురుగు. జెర్మానిక్ భాషలు ఈ పురుగును నేతగాడిగా కాక వడికేదిగా చూశాయి. జర్మన్ 'ష్పిన్నె', డచ్ 'స్పిన్', స్వీడిష్ 'స్పిండెల్', ఇంగ్లిష్ 'స్పైడర్' అన్నీ నూలు వడకడం అనే క్రియ నుంచి వచ్చినవి. గూడు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మళ్లీ నేతే. జర్మన్‌లో 'ష్పిన్‌వేబె', డేనిష్‌లో 'స్పిండెల్‌వేవ్'. వడికేదాని నేత అన్నమాట.

నేయుకూ నేహెన్‌కూ చుట్టరికం ఉందా?

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. జర్మన్‌లో కుట్టడాన్ని 'నేహెన్' అంటారు, డచ్‌లో 'నాయెన్', సూదిని ఇంగ్లిష్‌లో 'నీడిల్', జర్మన్‌లో 'నాడెల్'. తెలుగులో 'నేయు', మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే 'నాడె'. పక్కపక్కన పెడితే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ తెలుగు 'నేయు' తమిళ 'నెయ్', కన్నడ 'నేయ్', మలయాళ 'నెయ్యుక' లతో క్రమంగా సరిపోయే ద్రావిడ ధాతువు. దానికీ జర్మన్ మాటకూ మధ్య ఆ 'భ్రాత-బ్రదర్' లాంటి వరస ఏదీ లేదు. రెండు మూడు అక్షరాల మాటలు వేల భాషల్లో అక్కడక్కడ కలవడం లెక్క ప్రకారం జరిగేదే.

ఈ వివేచన తెలుగు విషయంలో ముందే జరగడం చెప్పుకోదగ్గది. 1816లో మద్రాసులో ఎ.డి. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ రాసిన పరిచయంలో, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని ఆధారాలతో చూపించాడు. రాస్క్ పుస్తకం అచ్చవడానికి రెండేళ్లు ముందు. కాల్డ్‌వెల్ ద్రావిడ వ్యాకరణానికి నలభై ఏళ్లు ముందు.

యూరప్ వాళ్లూ ఈ ఉచ్చులో పడ్డారు. ఇంగ్లిష్ 'వైఫ్', జర్మన్ 'వైబ్' అంటే 'నేసేది' అని పందొమ్మిదో శతాబ్దంలో చాలా పుస్తకాలు రాశాయి. భార్య అంటే ఇంట్లో నేత నేసేదన్న భావన చదవడానికి బాగుంటుంది. ఆధారాలు మాత్రం నిలవలేదు. ఆ మాట పుట్టుక ఇప్పటికీ తేలలేదు. 'స్పిన్‌స్టర్' సంగతి వేరు. అది నిజంగానే నూలు వడికే స్త్రీ. పదిహేడో శతాబ్దం నాటికి ఇంగ్లండ్ దస్తావేజుల్లో పెళ్లికాని స్త్రీకి చట్టపరమైన విశేషణం అయి కూర్చుంది. అదే ప్రత్యయం ఉన్న 'వెబ్‌స్టర్' మొదట నేత నేసే స్త్రీ, తరవాత ఎవరైనా సరే నేతవాళ్లు.

ఇంటిపేరు, కులం పేరు

అమెరికా నిఘంటుకర్త నోవా వెబ్‌స్టర్, సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వేబర్, సంగీతకారుడు ఆండ్రూ లాయిడ్ వెబర్, బెల్జియం రాజకీయ నాయకుడు బార్ట్ డె వేవర్. ఈ పేర్లన్నిటి అర్థం ఒకటే, సాలె. జర్మనీలో వేబర్ అతి మామూలు ఇంటిపేర్లలో ఒకటి. ఆ పేరున్నవాడు డాక్టరో డ్రైవరో అయినా ఎవరూ మగ్గం గురించి అడగరు, పెళ్లి సంబంధం కూడా మరో వేబర్ ఇంట్లోనే వెతకరు. యూరప్‌లో వృత్తి పేరు ఇంటిపేరై, తరవాత ఖాళీ చిప్ప అయింది. మన దగ్గర పద్మశాలి, దేవాంగ, పట్టుశాలి మగ్గం వదిలి మూడు తరాలైనా ఆ పేరు నిండుగానే ఉంటుంది. మాటల పోలిక చెప్పేవాళ్లు ఈ తేడా దాటేస్తే సగం కథే చెప్పినట్టు.

పేరు ఖాళీ కాకముందు యూరప్ నేతగాళ్ల బతుకు మాత్రం మనకు తెలియనిదేమీ కాదు. 1844లో సైలీసియా ప్రాంతంలో చేనేత వాళ్లు ఆకలితో తిరగబడ్డారు. నూలు ఇచ్చి గుడ్డ తీసుకునే షావుకార్లు కూలి రేటు కోసేశారు, యంత్రాల గుడ్డ ధర పడగొట్టింది. సైన్యం కాల్పులు జరిపింది. హైనె దాని మీద కవిత రాశాడు. గెర్హార్ట్ హౌప్ట్‌మన్ 1892లో 'డీ వేబర్' అని నాటకం రాశాడు. పేరుకు అర్థం 'సాలెలు'. సిరిసిల్ల, పోచంపల్లి, చీరాలల్లో నేతన్నల ఆత్మహత్యల వార్తలు చదివినవాళ్లకు ఆ నాటకంలో కొత్తగా తోచేది ఏమీ ఉండదు.

సూరత్ పేరు కూడా ఒక జెర్మానిక్ భాషలో మామూలు నామవాచకంగా మారిన ఘట్టం ఆ శతాబ్దంలోనే ఉంది. అదీ నేత వల్లే. 1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలై దక్షిణ రాష్ట్రాల పత్తి రావడం ఆగిపోయాక, లాంకషైర్ మిల్లులు భారతదేశపు పత్తి మీద ఆధారపడ్డాయి. బొంబాయి రేవు నుంచి వచ్చిన పశ్చిమ భారత పత్తి అంతటినీ అక్కడ 'సూరత్' అన్నారు. దాని పోగు పొట్టిది. అమెరికా పత్తికి కుదిర్చిన యంత్రాల మీద మాటిమాటికీ తెగేది. గుడ్డ లెక్కన కూలి తీసుకునే కార్మికులకు పోగు తెగిన ప్రతిసారీ కూలి తెగేది. దేవుడా పత్తి పంపు, కానీ సూరత్ వద్దు అని ప్రార్థించేవాళ్లని ఆ ప్రాంతంలో చెప్పుకుంటారు. చివరికి కల్తీ సరుకు, నాసి సరుకు ఏదైనా 'సూరత్' అయింది. తమను 'సూరత్ బీరు కాచేవాళ్లు' అన్నందుకు కొందరు బీరు తయారీదార్లు పరువునష్టం దావా వేసి గెలిచారు. 1864 నాటి హాటెన్ యాస నిఘంటువులోకి ఈ మాట ఎక్కింది. రెండున్నర శతాబ్దాల కిందట ఏ ఊరి బాఫ్తా కోసం ఆ దేశపు ఓడలు ఆఫ్రికా చుట్టి వచ్చాయో, ఆ ఊరి పేరే ఆ దేశంలో తిట్టయింది. తప్పు పోగుదీ కాదు, ఊరిదీ కాదు. వేరే పత్తి కోసం చేసిన యంత్రంలో దీన్ని పెట్టారు, అంతే. తిట్టు మాత్రం ఊరికి తగిలింది. పత్తి కరువు తీరాక ఆ వాడుక మెల్లగా చచ్చిపోయింది.

సూరత్‌లో 'వీవర్' ఎవరు?

ఇప్పటి సూరత్ నూలు ఊరు కాదు, పాలియెస్టర్ ఊరు. తెలుగు ఇళ్లలో రోజువారీ కట్టే సింథటిక్ చీరల్లో చాలావాటి పుట్టిల్లు అదే. కంచి, ధర్మవరం పట్టుచీరల అంచుల్లో మెరిసే జరీలోనూ సూరత్ జరీకి పెద్ద వాటా ఉంది. 'జర్' అంటే పర్షియన్‌లో బంగారం. మగ్గాల దగ్గర పనిచేసేవాళ్లలో ఒడిశా, ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్రల వాళ్లతో పాటు కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వెళ్లిన పద్మశాలీలూ ఉన్నారు. లింబాయత్ వైపు తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. సూరత్ నగరపాలక సంస్థ నడిపే బడుల్లో గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లిష్‌తో పాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది.

ఈ ఊళ్లో 'వీవర్' అనే ఇంగ్లిష్ మాట రోజూ వినిపిస్తుంది. స్థానిక వ్యాపార వార్తల్లో వీవర్ల సంఘాలు విద్యుత్ చార్జీల గురించి, నూలు ధరల గురించి, జీఎస్టీ గురించి వినతిపత్రాలు ఇస్తుంటాయి. అక్కడ వీవర్ అంటే పవర్‌లూమ్ యూనిట్ యజమాని. పన్నెండు గంటల షిఫ్టులో మగ్గాల మధ్య తిరిగే మనిషి వీవర్ కాదు, 'కారీగర్'. కారీగర్ కూడా పర్షియన్ మాటే, పనివాడు అని. అలా నేత క్రియ యజమాని వైపు వెళ్లింది, చేసేవాడికి ఉత్త 'పని' మిగిలింది. ఉత్తర భారతంలో ముస్లిం నేతగాళ్లు తమను తాము 'నూర్‌బాఫ్', వెలుగును నేసేవాళ్లు అని గౌరవంగా పిలుచుకున్న కాలంలో ఆ బాఫ్ చేసేవాడి దగ్గరే ఉండేది. సిరిసిల్ల వాడుక ఈ విషయంలో కొంత నిజాయితీగా ఉంది. అక్కడ యజమాని యజమానే, నూలు తెచ్చుకుని నడిపించేవాడు ఆసామి, నడిపేవాడు కార్మికుడు. నేతన్న అనే మాటను ఎవరూ పూర్తిగా లాక్కోలేదు.

సిరిసిల్లలో పవర్‌లూమ్‌ను 'సాంచా' అంటారు. గుజరాతీలోనూ మరాఠీలోనూ యంత్రానికి, అచ్చుకు ఉన్న మాట అది. భివండీ, సూరత్, షోలాపూర్‌లకు వెళ్లి పని నేర్చుకుని వచ్చినవాళ్లతో పాటే ఊరికి చేరి ఉండాలి. మగ్గం చేనేతకు మిగిలింది, కరెంటుతో నడిచేది సాంచా అయింది. ఇంగ్లిష్‌లో 'లూమ్' ఒక్కటే రెండింటికీ సరిపెట్టుకుంటే, తెలంగాణ తెలుగు ఒక పరాయి మాట తెచ్చుకుని తేడా నిలుపుకుంది.

కొత్తగా వస్తున్న మగ్గాలతో మరో మాట కదులుతోంది. పాత మగ్గంలో పేక దారాన్ని మోసేది నాడె. ఇంగ్లిష్‌లో 'షటిల్', విసరడం అనే అర్థమున్న పాత మాట నుంచి వచ్చింది. జర్మన్‌లో 'వేబర్‌షిఫ్‌షెన్', అంటే నేతగాడి చిన్న ఓడ. అటూ ఇటూ తిరిగే ప్రతిదానికీ ఇంగ్లిష్ ఆ షటిల్ పేరు పెట్టుకుంది. రెండు స్టేషన్ల మధ్య తిరిగే బండి, అంతరిక్షానికి వెళ్లి వచ్చే నౌక, బ్యాట్ల మధ్య ఎగిరే పువ్వు. సూరత్‌లో ఇప్పుడు పెరుగుతున్న వాటర్‌జెట్, రేపియర్ మగ్గాల్లో నాడె లేదు. వాటర్‌జెట్‌లో సన్నని నీటి ధార దారాన్ని అవతలి అంచుకు విసురుతుంది. రేపియర్‌లో కత్తిలాంటి కడ్డీ లాక్కెళుతుంది. ఆ మగ్గాల దగ్గర పని నేర్చుకుంటున్న తెలుగు కుర్రాడికి తాణా, వాణా, బీము అనే మాటలు రోజూ కావాలి. తాత వాడిన నాడె, కండె మాత్రం ఆ షెడ్డులో దేనికీ పేరు కావు.